లాంతరు దించారా?

"లాంతరు దించారా?"

ద్రాక్షతోట గేటు దగ్గర ముసలాయన మళ్ళీ తయారయ్యాడు.

కోతలు మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. లోపలికి రాడు, పని అడగడు. వైన్ తొట్టిలోకి దిగే పని ఉన్న ప్రతి కూలీనీ ఆపి ఆ ఒక్క ముక్కే అడుగుతాడు. కూలీలు ఆయనకి లాంతరు తాత అని పేరు పెట్టేశారు.

యజమానురాలికి ఒళ్ళు మండింది.

"ఎవరయ్యా నువ్వు? కొండవతల వాళ్ళు పంపారా, మా వైన్ గుట్టు పట్టుకు రమ్మని?"



ఆవిడ అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఎర్ర వైన్‌లో తెల్ల ద్రాక్ష కలపడమేమిటని ఒకప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడా కొండవాలు మొత్తం ఆ రుచి మీదే బతుకుతోంది. బావిలాంటి రాతి తొట్టి అడుగున తెల్ల ద్రాక్ష, పైన నల్ల ద్రాక్ష వేసి కలిపి పులియబెడతారు. వైన్ తోడేశాక తెల్ల పిప్పి అడుగున బంకలా పట్టేస్తుంది. మనిషి దిగి గోకాల్సిందే.

దిగే ముందు తాడు కట్టి లాంతరు దించడం పాత పద్ధతి. పులిసిన ద్రాక్ష వదిలే విషవాయువు లోపల ఉంటే దీపం ఆరిపోతుంది. ఆరితే ఆ రోజుకి పని బంద్. అది సహించలేకే ఆవిడ లాంతర్ని అటకెక్కించింది. కిందటేడు ఒక కూలీ తొట్టిలో పోతే, తాగి పడ్డాడని పోలీసులకి చెప్పి గట్టెక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"మళ్ళీ ఇటు కనిపిస్తే కాళ్ళు విరగ్గొట్టిస్తా" అంది.

ఆయన వెళ్ళి రోడ్డవతల గట్టు మీద కూర్చున్నాడు.

తొట్టి దగ్గర కూలీలు నసుగుతున్నారు.

"లాంతరు తెప్పించండమ్మా" అన్నాడు మేస్త్రి.

"నువ్వూ మొదలెట్టావూ?"

ఆవిడ కొడుకు నవ్వాడు. "ఎందుకమ్మా గొడవ, నేను దిగుతాలే" అంటూ నిచ్చెన వేశాడు.

ఆవిడ వద్దనలేదు. యజమాని కొడుకే దిగితే ఇక అందరూ నోరు మూసుకుంటారనుకుంది.

పార చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత ఆగిపోయింది.

"ఒరే నాన్నా?"

తొంగిచూస్తే కొడుకు పిప్పిలో బోర్లా పడి ఉన్నాడు. ఆవిడ గావుకేక పెట్టింది. కూలీలు కొయ్యబారిపోయారు.

గేటు తోసుకుని వచ్చింది ఆ ముసలాయనొక్కడే. తాడు అందుకుని, ఊపిరి బిగబట్టి దిగాడు. కుర్రాడి చంకల కింద ముడివేసి, "లాగండి" అన్నాడు.

లాగారు. కాసేపటికి కుర్రాడు దగ్గాడు, కళ్ళు తెరిచాడు.

తాడు మళ్ళీ దించారు గానీ, దాన్ని పట్టుకునే ఓపిక కింద ఆయనకి మిగల్లేదు.

సాయంత్రం ఆయన భార్య వచ్చింది. శవం పక్కన కూర్చుని, ముఖానికంటిన పిప్పిని చేత్తో తుడిచింది.

యజమానురాలు ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

"మీ ఆయన నా బిడ్డని నాకిచ్చి పోయాడమ్మా. ఏం కావాలో అడుగు, కాదనను."

ముసలామె తొట్టివైపు చూసింది.

"మాకేం వద్దమ్మా. కిందటేడు ఇందులోనే పోయిన మా అబ్బాయికి తాగే అలవాటు లేదని, ఆ పోలీసులకి ఒక్కసారి చెప్పండి, చాలు."