బాలనర్సింహ ప్రాక్టీసు

లాల్‌దర్వాజా వాలీబాల్ జట్టు వరసగా పదకొండో మ్యాచ్ ఓడింది. పదిహేనుకు నాలుగు. ఓడిపోవడంలో ఆ జట్టుకు తిరుగులేదని చాంద్రాయణగుట్ట దాకా పేరు పాకింది.

క్లబ్బు పెద్ద కొండల్‌కు ఒళ్లు మండింది. కోచ్ బాలనర్సింహ నోటుబుక్కు లాక్కుని తిరగేశాడు. రోజుకో ప్లాను, బొమ్మలు గీసి మరీ రాసి ఉంది. మామూలు రోజుల్లో గంటసేపు సర్వీసులు, పాసులు, ముగ్గురు ముగ్గురుగా ఆట. కొన్ని రోజులకు మాత్రం నాలుగు గంటలు. మూడు వందల స్మాష్‌లు, వంద డైవ్‌లు, ఓడినవాళ్లకు మైదానం చుట్టూ ఇరవై రౌండ్లు.

“ఏంది బాలనర్సింహా గిది? మొన్న పండుగ నాడు నాలుగు గంటలు పోరగాండ్ల పానం తీస్తివి. తెల్లారి మ్యాచ్‌ల వాళ్లకు చెయ్యి లేస్తదా?”

బాలనర్సింహ నోటుబుక్కు వెనక్కి తీసుకున్నాడు.

“ఇంటికొచ్చి అన్నం గిట్ల తినకుండనే పంటున్నరని తల్లులు ఒకటే లొల్లి. రేపటి సంది కొత్త కోచ్ వస్తడు. పొద్దుగాల గంట, గంతే.”

“అన్నా, గీ నెల ఒక్కటి ఆగు. కాల్మొక్కుత. ఎనక నేనే పోత.”

“పదకొండు మ్యాచ్‌లు ఆగిన.”

“పోనీ, రేపు సాయంత్రం ఒక్కటియ్యి.”

“రేపు ఊరేగింపున్నది. పోరగాండ్లు పోతరు. నువ్వు ఇంటికి పో.”

ఆ మాట వినగానే స్మాషర్ నందు బంతి పైకెగరేసి ఈల వేశాడు. మిగతా ఐదుగురూ గంతులేశారు. ఉండమని ఒక్కడూ అనలేదు. నిజం చెప్పొద్దూ, ఆ ఈల బాలనర్సింహ గుండెలో గుచ్చుకుంది. నోటుబుక్కు చంకన పెట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం కొడుకు సాయిలును చూడబోయాడు. సాయిలు ఒకప్పుడు ఆ జట్టుకే పెద్ద స్మాషర్. బాలనర్సింహ నెలకోసారి వెళ్తాడు గానీ పండుగ పూట ఎన్నడూ వెళ్లలేదు. అందుకే సాయిలు ఆశ్చర్యపోయాడు.

“ఇయ్యాల ఒచ్చినవేంది బాపూ? ప్రాక్టీసు లేదా?”

“లేదు బిడ్డా. నన్ను తీసేసిన్రు.”

“మరి పోరగాండ్లు?”

“బజార్లున్నరు.”

సాయిలు మొహంలో నెత్తురు చుక్క లేదు. దూరంగా డప్పులు మొదలయ్యాయి. తండ్రీకొడుకులిద్దరూ ఆ చప్పుడు వైపు తిరిగారు.

ఎనిమిదేళ్ల కిందట ఇలాంటి ఊరేగింపు నాడే, తండ్రికి జ్వరమొచ్చి ప్రాక్టీసు లేక బజారున పడ్డ సాయిలు, అలసట ఎరగని కుడిచేత్తో ఓ రాయి విసిరి మనిషిని చంపినందుకే ఈ జైలు జాలీకి అవతల ఉన్నాడు.