పాముకి ఎన్ని పేర్లు

మాటల దగ్గర నాకు పిసినారితనం లేదు. ఎవరైనా ఒక మాట అడిగితే పది ఇచ్చి పంపుతాను. మా గోరువంకల జాతిలో ఇంత దానగుణం అరుదని ఎవరూ అనకపోయినా నేనే ఒప్పుకుంటాను.

బయటికి పంపితే పిచ్చుకల కిచకిచలు అంటుకుంటాయని నా ఇద్దరు పిల్లలకీ గూట్లోనే చదువు పెట్టాను. కొత్త మాట చెబితేనే నోట్లో పురుగు పెట్టేవాణ్ణి.

ఒకరోజు చిన్నది వణుకుతూ, "నాన్నా, పాము!" అంది.

"అది అందరూ అనే మాటే. ఇంకోటి చెప్పు."

"సర్పం నాన్నా! కొమ్మెక్కుతోంది!"

"భేష్! ఇంకా?"

"ఉరగం!" అంది పెద్దది ఏడుస్తూ.

"పన్నగం మరిచారు మాస్టారూ," అంది పాము, పై కొమ్మ అందుకుంటూ. "పిల్లలు ఆణిముత్యాలండీ. తొందరేం లేదు, కానివ్వండి."

చదువు విలువ తెలిసిన పాము కదా అని మురిసిపోయి, పన్నగం అనే మాట ఎలా పుట్టిందో చెప్పడం మొదలుపెట్టాను.

అప్పుడే మా ఆవిడ వచ్చింది. నోట్లో మిడతని వదిలేసి, ఏ నిఘంటువులోనూ లేని కేక ఒకటి పెట్టింది. ఆ కేకకి పిచ్చుకలన్నీ వచ్చిపడి పాము నెత్తిన పొడిచాయి. అది ముళ్ళకంపలోకి జారి, ఏ పేరుతో పిలిచినా ఆగకుండా పోయింది.

"ఏమయ్యా, పిల్లలకి ముందు అరవడం నేర్పొద్దూ?" అంది మా ఆవిడ.

ఇప్పుడు పిల్లలు పిచ్చుకల దగ్గర అరవడం నేర్చుకుంటున్నారు. వాళ్ళకి అప్పుడే వచ్చేసింది. వాళ్ళ వెనకాల కూర్చుని నేనూ నోరు తెరుస్తున్నాను. నాకింకా రాలేదు.