ఎడమ కొస

"ముందు సాక్ష్యం. తర్వాతే బియ్యం. తోసుకోకండి!"

సంఘపెద్ద మైకు అందుకున్నాడు. వరుసలోని ఆడవాళ్లు చంటిపిల్లల్ని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నారు.

ఆయన ఇనుప సామాన్ల వ్యాపారి. నెలకోసారి చర్చి ఆవరణలో బియ్యం పంచుతాడు. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్న వాక్యం వెనక గోడ మీద ఉండేది. ఇప్పుడూ ఉంది, ఆయన నిలువెత్తు బ్యానరు వెనకాల.

"మా నాన్న పోయిన ఏడు మా పొయ్యిలో పిల్లి లేవలేదు!" ఆయన గొంతు సరిగ్గా ఎప్పుడూ వణికే చోటే వణికింది. "తెల్లారకముందే తలుపు చప్పుడైంది. అమ్మ తలుపు తీస్తే మనిషి లేడు. గడప దగ్గర బియ్యం మూట! నేను పనికి కుదిరేదాకా ఆ మూట వస్తూనే ఉంది. దానికి వేసిన ముడి పళ్లతో పీకినా రాదు. ఎడమ కొస లాగితే మాత్రం పువ్వులా విచ్చుకునేది. విప్పడం నా వంతు. అలాంటి ముడి మనుషులు వేస్తారా? దేవదూత వేశాడు!"

వరుసంతా చప్పట్లు కొట్టింది. కొట్టమన్నది ఆకలైనప్పుడు చప్పట్లకు కొదవేముంది?

ఒక్క ముసలాయన మాత్రం కొట్టలేదు. దేవదూత మాట వచ్చినప్పుడల్లా ఆయన తల దించుకుని తన ఖాళీ సంచి దులుపుకునేవాడు. ఎక్కడివాడో ఎవరూ అడగలేదు. అందరూ సంచితాత అనేవారు.

సంఘపెద్దకు ఆయన చాలాకాలంగా కంట్లో నలుసు.

ముసలాయన వంతు వచ్చింది.

"ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కణ్నే బాబూ."

"ఒంటికాయ శొంఠికొమ్ముకి ఇంత పెద్ద సంచా?"

"అవసరముంది బాబూ."

"ఎవరికి?"

ముసలాయన సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు.

"సరే, ఇటు తిరుగు. ఫొటో."

"ఫొటో వద్దు బాబూ."

"ఇన్నాళ్లూ సంచి మొహానికి అడ్డం పెట్టుకుని తప్పించుకున్నావు. ఇవాళ కుదరదు."

"తీసుకునేవాడికీ ఇరుగుపొరుగు ఉంటారు బాబూ. మొహం దాచనివ్వండి."

వరుసలో ఎవరో ముసుగు ముందుకు లాక్కున్నారు.

"అడుక్కునేది కాక పైగా మాకు బుద్ధులా?" సంఘపెద్ద మైకు పక్కన పెట్టడం మరిచిపోయాడు. వీధి చివరిదాకా వినిపించింది. "బియ్యం తీసుకెళ్లి అమ్ముకుంటున్నావు. అందుకే మొహం చెల్లడం లేదు!"

"పోనీలెండి," పాస్టరు మెల్లగా అన్నాడు. "పెద్దవాడు..."

"మీరుండండి అయ్యగారూ. దేవుడి సొమ్ము దొంగల పాలు చేయమంటారా?"

చర్చి పైకప్పు రేకులు ఆయన కొట్టునుంచి వచ్చినవే. పాస్టరు ఉండిపోయాడు.

"ఇంకెప్పుడూ ఈ గేటులో అడుగు పెట్టకు."

ముసలాయన ఖాళీ సంచిని చక్కగా మడతపెట్టుకున్నాడు. "నాకు తగ్గించింది ఇంకొకరికి ఎక్కువ వేయండి బాబూ," అని వెళ్లిపోయాడు.

మరుసటి నెల సాక్ష్యానికి అందరూ చప్పట్లు కొట్టారు. సంఘపెద్దకు మనసు తేలికపడింది.

ఆ తర్వాత ఒక ఉదయం, బట్టలు కుట్టుకునే ఒకామె చర్చికి పరుగున వచ్చింది.

"మా పక్కగది తాత పోయాడు అయ్యగారూ. నా అన్నవాళ్లు లేరు. మట్టి చేయాలి."

"పెట్టె ఖర్చు నాది," అన్నాడు అక్కడే ఉన్న సంఘపెద్ద. ఫొటోలవాణ్ని కూడా రమ్మన్నాడు.

గోదాముల వెనక సందులో ఇరుకు గది. గోడవారగా వేసిన మంచం మీద దుప్పటి కప్పిన మనిషి. సంఘపెద్ద దుప్పటి తొలగించి చూశాడు.

సంచితాత.

మంచం కింద చల్లారిన పొయ్యి, కడిగి బోర్లించిన గిన్నె. తలుపు మూల బియ్యం మూట ఒకటి.

"చూశారా అయ్యగారూ? నేనన్నానా లేదా? ఇంకా అమ్ముకోడానికి దాచిపెట్టాడు!"

"అబద్ధం!" కుట్టుపనామె గొంతు గదిలో ఖంగుమంది. "అది ఆయనది కాదు. మేడ మీద మొగుడు పోయిన పిల్ల ఉంది, ఇద్దరు పసివాళ్లతో. తెల్లారకముందే వాళ్ల గడప దగ్గర పెట్టి, తలుపు తట్టి వచ్చేసేవాడు. ఎవరు పెడుతున్నారో ఆ పిల్లకి ఇప్పటికీ తెలీదు. నాకూ చెప్పొద్దని ఒట్టు పెట్టాడు."

ఆమె వెళ్లి మూట మీద చేయి వేసింది.

"ఎక్కడో బియ్యం ఆపేశారట. ఈ వయసులో మళ్లీ బజారుకెళ్లి మూటలు మోశాడు. వాళ్లకి కొన్నాడు, తను నీళ్లు తాగి పడుకున్నాడు. ఇది కట్టాడు గానీ, మేడ ఎక్కే ఓపిక లేకపోయింది."

పాస్టరు తల దించుకున్నాడు. సంఘపెద్ద మాత్రం తగ్గలేదు. తగ్గితే ఇన్నాళ్ల మాట ఏమైపోవాలి?

"మాటలు ఎవరైనా చెప్తారు. లోపల బియ్యమే ఉందో, ఇంకేముందో. విప్పండి."

పాస్టరు వేళ్లతో పీకాడు. రాలేదు. గోళ్లు నొప్పి పుట్టాయి గానీ ముడి కదల్లేదు. కుట్టుపనామె కత్తెర కోసం వెళ్లబోయింది.

"ఇలా తెండి," అంటూ సంఘపెద్ద మూట ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఆయన ఇంకా ఏమీ ఆలోచించకముందే, ఒకప్పుడు అమ్మ పక్కన కూర్చున్నప్పటిలాగే, ఆయన చేయి తనంతట తానే ఎడమ కొస పట్టుకుని లాగింది. ముడి పువ్వులా విచ్చుకుంది.