చూపు తిప్పని మాట

“ఇక గుడ్డ పైకి తీయండి!” అంది కొత్తగా మేస్త్రీ అయిన అమ్మాయి. రంగుతొట్టి చుట్టూ ఉన్న పనివాళ్ళు కదలకుండా ఆమె బాబాయి వైపు చూశారు. అద్దకం కార్ఖానా ఆయనదే. ఇంకాస్త ఆగితే రంగు ముదిరి సరుకంతా దండగ.

“చూశావా బాబాయ్, నా మాటంటే లెక్కే లేదు.”

“నీకుందా లెక్క? చెప్పగానే నా మొహం చూశావు. బేరం మొదలవకముందే ధర తగ్గించుకున్నట్టు! నువ్వెటు చూస్తే వాళ్ళూ అటే.”

ఆమె గతుక్కుమంది. ఆయన వైపు వీపు పెట్టి నిలబడింది.

“తీయండి.”

“ఇంకాసేపు నాననివ్వరాదటే?” అన్నాడాయన వెనకనుంచి.

పనివాళ్ళ చేతులు ఆగాయి. ఆమె తల మాత్రం తిప్పలేదు.

“అక్కర్లేదు బాబాయ్. అన్నా, ఆ కొస పట్టు. మీరంతా లాగండి.”

గుడ్డ నీళ్ళోడుతూ లేచింది. రంగు కుదిరింది. చూపిద్దామని ఆమె వెనక్కి తిరిగేసరికి బాబాయి అక్కడ లేడు.