వెనకాయన

మళ్ళీ పంక్చర్.

ఆమె సైకిల్ దిగి వెనక టైరు నొక్కి చూసింది. మెత్తగా అణిగిపోయింది. పైనుంచి చినుకులు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆస్పత్రిలో డయాలసిస్ యంత్రాలను తెల్లవారేలోపు సిద్ధం చేయాల్సింది ఆమే. ఆ వేళకి బస్సులుండవు. ఎండైనా వానైనా సైకిలే గతి.

"ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటాం" అని సూపర్‌వైజర్ మొహం మీదే చెప్పేశాడు.

ట్యూబు మారుస్తుంటే వెనక బ్రేకు చప్పుడు.

వచ్చాడు.

కొన్ని వారాలుగా ఇదే వరస. వంతెన దాటితే పెద్ద మలుపు, అక్కడ వీధి దీపాలుండవు. సరిగ్గా అక్కడే ఎక్కడి నుంచో ఒక పెద్దాయన సైకిల్ మీద వెనకే తయారవుతాడు. దాటిపోడు, పక్కకి రాడు. ఆమె ఆగితే ఆయనా కాస్త దూరంలో ఆగుతాడు. సాయం చేస్తాననడు, పలకరించడు, ఊరికే నిలబడతాడు. ఆస్పత్రి వీధిలోకి తిరగగానే మాయం.

అరవాలంటే భయం, ఊరుకోవాలంటే భయం. ట్యూబు ఎక్కిస్తున్నంతసేపూ ఒక కన్ను ఆయన మీదే వేసి ఉంచింది.

ఆయనకి ఇంట్లో పేరు కూడా పెట్టేశారు. వెనకాయన.

"రేపటి నుంచి నేను తోడొస్తా" అన్నాడు భర్త.

"నువ్వొస్తే పిల్లని ఎవరు చూస్తారు?"

"పోనీ, మంచి టైర్లు వేయించు. అసలు ఆగే పనే లేకపోతే ఆయనేం చేస్తాడు?"

ఆ మాట బాగుందనిపించింది. సాయంత్రమే సైకిల్ షాపుకెళ్ళింది.

"ఏడాది పొడుగునా తిరగాలండీ. వానలో జారకూడదు, పంక్చర్ కాకూడదు."

"అసలు కానిది లేదమ్మా, తక్కువగా అయ్యేవి ఉన్నాయి." షాపాయన రెండు టైర్లు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది తేలిక. గాల్లో పోతున్నట్టుంటుంది. కాకపోతే వానకి రోడ్డు పక్కకి కొట్టుకొచ్చే గాజుముక్కలకి ఆగదు. ఇది బరువు. రబ్బరు కింద గట్టి పొర ఉంటుంది, ముల్లు అంత తేలిగ్గా దిగదు. తడి రోడ్డు మీద పట్టు కూడా బాగుంటుంది. తొక్కడానికి మాత్రం కాస్త ఒళ్ళొంచాలి."

ఆమె చేతికొకటి పట్టుకుని నిలబడింది. తేలికదైతే వెనకాయన్ని వదిలించుకుని దూసుకుపోవచ్చు. దారిలో పంక్చరైతే మాత్రం ఆయన చేతికి చిక్కినట్టే. బరువుదైతే ఆయన వెంటే ఉంటాడు, కానీ దిగాల్సిన పని రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"పెళ్ళికొడుకుని ఎంచుకోవడానికి కూడా ఇంతసేపు పట్టదమ్మా" అన్నాడు షాపాయన.

"బరువుదే ఇవ్వండి. మా సైకిల్‌కి పడుతుందా?"

ఆయన చక్రానికీ ఫ్రేముకీ మధ్య వేలు దూర్చి చూశాడు. "పడుతుంది."

ఆ టైర్లు నిజంగానే మొండివి. ఆ నెలంతా ఒక్క పంక్చర్ లేదు, ఒక్క ఆలస్యం లేదు. సూపర్‌వైజర్ నోరు మూతపడింది.

వెనకాయన మాత్రం మానలేదు.

ఆమెకి విసుగెత్తింది. ఒకరోజు తాడో పేడో తేల్చుకుందామని, ఆస్పత్రి వీధి మొదట్లో టీ కొట్టు ముందు చటుక్కున ఆగింది. నలుగురు మనుషులున్నారన్న ధైర్యం.

"ఎందుకండీ నా వెంట పడుతున్నారు?"

పెద్దాయన కంగారుగా సైకిల్ దిగాడు. "అది కాదమ్మా... మీ వానకోటు..."

"నా బట్టల సంగతి మీకెందుకు?"

టీ తాగేవాళ్ళు ఇటు తిరిగారు. ఆయన తల దించుకున్నాడు.

"నన్ను చూసి భయపడుతున్నారా?"

"భయపడక? పోలీసులకి చెప్పమంటారా?"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "వద్దమ్మా. తప్పయింది. ఇక రాను."

అన్నట్టే రాలేదు.

"పీడ విరగడైంది" అన్నాడు భర్త. ఆమెకీ ప్రాణం కుదుటపడింది. ఆ రోజంతా పిల్లతో ఆడుకుంది.

వారం తిరక్కుండానే, జోరు వానలో, అదే మలుపులో వెనక కీచుమని బ్రేకులు అరిచాయి. తిరిగి చూస్తే చేతికందే దూరంలో లారీ.

డ్రైవరు దూకినట్టే దిగాడు. "ప్రాణం మీద ఆశ లేదామ్మా? దీపం లేకుండా ఈ చీకట్లో వస్తావా?"

"దీపం ఉంది, రోజూ వేసుకునే..." అంటూ వెనక్కి చూసింది.

వానకోటు అంచు సీటు మీంచి జారి దీపాన్ని మొత్తం కప్పేసింది. చుక్క వెలుతురు కూడా బయటికి రావడం లేదు.

"రోజూ ఇక్కడ ఇంత పెద్ద ఎర్రదీపం కనబడేది" అన్నాడు డ్రైవరు, రెండు చేతులూ వెడల్పుగా చాపి. "అది చూసే పక్కనుంచి పోయేవాణ్ణి. అది నీది కాదా?"

ఆ దీపం వెనకాయనది. ట్యూబు మార్చిన ప్రతిసారీ ఆయన తనకీ వచ్చే బళ్ళకీ మధ్యే నిలబడ్డాడని అప్పుడు తట్టింది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

డ్యూటీ దిగి నేరుగా సైకిల్ షాపుకెళ్ళింది. ఆ దారిలో తిరిగే సైకిళ్ళన్నిటికీ అదొక్కటే షాపు.

"పెద్ద ఎర్రదీపం పెట్టుకుని తిరిగే పెద్దాయన తెలుసా అండీ? ఒకసారి కలవాలి."

"తెలియకేం, ఆ దీపం బిగించింది నేనే. మొన్న వచ్చి సైకిల్ నాకిచ్చేసి ఊరొదిలి పోయాడమ్మా. ఎవరో అమ్మాయి తనని చూసి హడలిపోతోందట."

ఆమె అక్కడున్న స్టూలు మీద కూలబడింది. "ఎక్కడికెళ్ళారు?"

"చెప్పలేదు. ఎవరూ లేని మనిషి, ఎక్కడని వెతుకుతాం?"

"నేనెవరో కూడా తెలీదు కదండీ ఆయనకి. నాకోసం రోజూ అంత పొద్దున్నే ఎందుకు లేచినట్టు?"

షాపాయన చేతిలో పని పక్కన పెట్టి, గొంతు తగ్గించాడు.

"ఒకప్పుడు లారీ నడిపేవాడమ్మా. వెనక దీపం లేని సైకిల్ మీద డ్యూటీకి పోతున్న ఒక అమ్మాయి, ఆ మలుపులోనే, ఆయన లారీ కిందే పోయింది."