బయటి తిండి

గిన్నెలు బల్ల మీదికి రాకముందే మాస్టారు పెదవి విరిచేశారు.

"ఆ దీపాలు చూడు. పట్టపగలు తెరలు దించి గుడ్డి దీపాలు పెట్టారు. ఏం తింటున్నామో మనకు కనబడకూడదని," అన్నారు భార్యతో.

నగరంలోని పెద్ద హోటల్లో ఆయన ముప్పై ఏళ్లుగా వంట మాస్టారు. వారానికొక్క సెలవు. ఆ రోజు ఎవరిదో ఒకరి హోటలుకు వెళ్లి, దాని పరువు తీసి వస్తే గాని ఆయనకు తిన్నది అరగదు. ఇదివరకు ఒక్కరే వెళ్లేవారు. ఏడాదిగా భార్యను కూడా వెంటబెట్టుకు వెళుతున్నారు. ఈ వయసులో ప్రేమ పుట్టుకొచ్చిందని ఆయన కింద పనిచేసే వంటవాళ్లు చాటుగా నవ్వుకునేవారు.

ఈ ఊళ్లో బయటి తిండి అంటేనే ఆయనకు వెటకారం. ఆకలేసి హోటలుకొచ్చే వాళ్లు పోయారనీ, ఇప్పుడంతా ఫొటో తీసుకోవడానికే వస్తున్నారనీ అనేవారు. చేటంత పళ్లెం, దాని నడుమ చెంచాడు కూర, ఆ కూర పుట్టుపూర్వోత్తరాలు చెప్పడానికి పక్కనే ఒక మనిషి. ఆ మనిషి నోరు మూసుకునేసరికి కూర చల్లారిపోతుంది.

ఈ రోజు వచ్చింది మాత్రం పరాయి హోటలుకు కాదు. ఆయన దగ్గర ఆరేళ్లు పనిచేసిన అమ్మాయి హోటలుకు. ఆమె కాచిన సూపుల్ని ఆయన ఎన్నిసార్లు తొట్లో పారబోశారో లెక్కలేదు. మూడు నెలల కిందట సొంతంగా ఈ పది బల్లల హోటలు పెట్టుకుంది. అందులో ఏడు ఖాళీగానే ఉంటున్నాయి. మాస్టారు ఒక్క మంచిమాట అంటే చాలు, ఊళ్లో తిండి తెలిసిన వాళ్లంతా తలుపు తోసుకుని వస్తారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకే స్వయంగా ఇంటికెళ్లి పిలిచింది.

సూపు వచ్చింది. మాస్టారు గిన్నెను భార్య వైపు జరిపారు. "ముందు నువ్వు తాగు."

ఆమె ఒక చెంచా తాగి, "ఉప్పు కాస్త తగ్గిందేమోనండీ," అంది మెల్లగా.

"నీకేం తెలుసు ఉప్పు సంగతి," అని కసిరి, ఆయన కూడా ఒక చెంచా నోట్లో పోసుకున్నారు. కళ్లు మూసుకున్నారు. తెరిచి, వడ్డించే కుర్రవాడికి వినబడేలా, ఈ వంటింట్లో ఉప్పుకు కరువొచ్చిందా అని అడిగారు.

భార్య ఏమీ అనుకోలేదు. తల దించుకుని రుమాలు మడతపెట్టుకుంది.

రొట్టె వచ్చింది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నొక్కారు. పెళపెళలాడాల్సిన రొట్టె నిట్టూరుస్తోందన్నారు. తర్వాత చేప. భార్య రుచి చూసి, నిమ్మరసం ఎక్కువైనట్టుందని గొణిగింది. మాస్టారు ఫోర్కుతో దాని తోలు ఎత్తి చూసి, ఒక ముక్క నమిలారు.

"ఇంత పులుపా? పాపం, ఈ చేప నీళ్లలోంచి బయటికొచ్చినప్పుడు ఒకసారి చచ్చింది, ఇక్కడ రెండోసారి."

పక్క బల్లవాళ్లు నవ్వారు. వడ్డించే కుర్రవాడు ఒక్కో మాటా మోసుకెళ్లి వంటింట్లో అప్పజెప్పాడు. వంటింటి తలుపుకున్న గుండ్రటి అద్దంలో ఆ అమ్మాయి మొహం ఒకసారి కనబడి, మాయమైంది.

అంతలో భార్య ఫోను మోగింది. ఆమె అక్క. లోపల మాట సరిగ్గా వినబడక, ఆమె వీధిలోకి వెళ్లింది. అప్పుడే పుడ్డింగు వచ్చింది.

మాస్టారు గుమ్మం వైపు చూశారు. భార్య ఇటు వీపు పెట్టి మాట్లాడుతోంది. ఆ అక్క ఫోను పట్టుకుంటే ఒక పట్టాన వదలదు.

"వేడి మీదే తినాలండీ," అన్నాడు కుర్రవాడు.

పక్క బల్లవాళ్లు ఈసారి ఏమంటారోనని ఇటే చూస్తున్నారు. మాస్టారు చెంచా తీసుకున్నారు. ఒకటి తిన్నారు. రెండోది తిన్నారు.

వంటింటి తలుపు దభాలున తెరుచుకుంది. నెత్తిన టోపీ పక్కకు జారి, ఆయాసపడుతూ ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చేసింది. గిన్నె కోసం చెయ్యి చాచింది.

"రా, నీ కోసమే చూస్తున్నా," అన్నారు మాస్టారు. ఆమె ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు. "ఆరేళ్లు నా దగ్గర ఏం నేర్చుకున్నావమ్మాయ్? ఒకటే తీపి. నాలుకకు బంకలా అంటుకుంటోంది. పంచదార వేసేటప్పుడు చెయ్యి అదుపులో ఉండాలని ఎన్నిసార్లు చెప్పాను?"

చాచిన చెయ్యి ఆగిపోయింది. ఆమె ఆయన మొహంలోకి చూసింది. సగమైన పుడ్డింగును చూసింది. ఖాళీగా ఉన్న భార్య కుర్చీ వంక చాలాసేపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడిస్తే వంట రాదు," అన్నారాయన.

ఆమె ఆ కుర్చీలో కూర్చుని, పక్క బల్లకు వినబడకుండా గొంతు తగ్గించింది.

"కంగారులో అసలు పంచదారే వెయ్యలేదు మాస్టారూ, మీరు నోట్లో పెట్టుకునేలోగా గిన్నె వెనక్కి తీసుకుందామని పరుగెత్తుకొచ్చాను."