ఖాళీ బిందెల కూటం

బిందెలు కనపడేసరికి దేవేంద్రప్ప గుండెల్లో రాయి పడింది.

ఒకటా రెండా. వీధి మలుపు నుంచి ఆడోళ్ళు వరసగా వస్తాండారు, చంకలో ఒకటి, చేతిలో ఒకటి, అన్నీ ఖాళీవే. ముందర సుంకమ్మవ్వ. డెబ్బై ఏండ్లు దాటిన మనిషి, ఆమెకూ ఒక ఇత్తడి బిందె. వెనకాల పక్కింటి గోపన్న. చర్చి మొహం ఎరగనోడు, ఉత్త చేతులతో పోతే బాగుండదని కొబ్బరికాయ పట్టుకోనొచ్చినాడు.

దేవేంద్రప్ప గబగబా వంటింట్లోకి పోయినాడు. భార్య రెజీనా వచ్చేటోళ్ళ పలారానికి ఉగ్గాని చేయను బొరుగులు నానబెట్టి పిండుతాంది.

"ఏమే, మన బోరులో నీళ్ళు పడినాయని ఊర్లో చెప్పినావా?"

"నేనెందుకు చెప్తా. కృతజ్ఞత కూటం పెడతాండామని పాస్టరయ్యకు చెప్పినా. ఆయన ఆదివారం చర్చిలో అందరికీ చెప్పినాడు. అంతే."

అంతేనంట. ఆ ఊర్లో కృతజ్ఞత కూటమంటే ఏందో పసిబిడ్డకు కూడా తెలుసు. కొత్తిల్లు చేరితే పెడతారు, పిల్లోనికి ఉద్యోగమొస్తే పెడతారు, బోరు పడితే పెడతారు. బోరు పడితే మాత్రం పాస్టరు ప్రార్థన చేసినాక తొలి నీళ్ళు ఇంటికో బిందె పట్టుకపోతారు. పోయిన వారం బుధవారం దేవేంద్రప్ప చేను దిక్కు బోరు లారీ పోవడం చూసినోళ్ళే అందరూ. ఆ పైన కూటమంటే ఇంకేమనుకుంటారు?

నిజం మొగుడూ పెండ్లాలకే తెలుసు. మూడో బోరు కూడా ఎండిపోయింది. ఏడొందల అడుగులు దిగినా తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలే. ఆ సిగ్గుతో దేవేంద్రప్ప ఎవురికీ మొహం చూపించలే, ఆదివారం చర్చికీ పోలే. శుక్రవారం ఇంట్లో కూటముండాదని రెజీనా అంటే మామూలు ప్రార్థనే గదా అని ఊరుకున్నాడు.

"పరువు తీసినావు గదే. ఏం మేలు చేసినాడని మీ దేవునికి కృతజ్ఞత?"

"మీ దేవుడా? మొన్నటిదాకా మన దేవుడే గదా."

"ఇంక నాకొద్దు. ఈ పొద్దుతో సరి. మళ్ళా నేను ఆ చర్చి మెట్టు ఎక్కితే అడుగు."

రెజీనా లేచింది. తడి చేతులు కొంగుకు తుడుచుకోని, మూలనున్న తమ బిందె కూడా చంకనేసుకోని బయటికి నడిచింది. అదీ ఖాళీదే.

పాస్టరు బర్నబాసు మోటరుసైకిలు దిగినాడో లేదో, "ఇంట్లో ఏముండాదప్పా, బోరు కాడికే పోదాం పాండి" అనేసినాడు. అందరూ పాడుకుంటా బయలుదేరినారు. ఇంక తప్పేదెట్ల? దేవేంద్రప్ప కూడా కాళ్ళీడ్చుకుంటా నడిచినాడు.

చేన్లో మోటరూ లేదు, పంపూ లేదు. భూమిలోంచి జానెడు లేచిన కేసింగు గొట్టం, దాని మూతి మీద కప్పిన నాపరాయి. ముందున్నోళ్ళు పాట ఆపేసినారు. వాళ్ళను చూసి వెనకున్నోళ్ళూ ఆపేసినారు.

దేవేంద్రప్ప రాయి పక్కన నిలబడినాడు.

"నీళ్ళు పడలే. ఎండలో ఇంత దూరం బిందెలు మోసుకోనొచ్చినారు. నన్ను మన్నించండి."

ఎవురూ నవ్వలే. నవ్వింటేనే బాగుండునని అనిపించింది ఆయప్పకు. గోపన్న కొబ్బరికాయను వెనక్కి దాచుకున్నాడు. సుంకమ్మవ్వ బిందె బోర్లించి దాని పక్కనే కూలబడింది.

"మరి కూటం దేనికి బిడ్డా?" అని రెజీనాను అడిగింది.

"ముందర పాడదామవ్వా. పాడేదానికే గదా వచ్చినాం."

అవ్వ ఎన్ని కరువులు చూసిందో ఏమో. వంకరపోయిన వేళ్ళతో బోర్లించిన బిందె మీద దరువేసింది. పక్కనామె తన స్టీలు బిందె బోర్లించింది. ఆ పక్కనామె ప్లాస్టిక్ బిందె. చూస్తాండగానే ఇరవై బిందెలు మోగబట్టినాయి, పాట మళ్ళా లేసింది. నీళ్ళుంటే ఆ మోత వచ్చేది కాదు గానీ, ఉత్త బిందెలాయె, చేను చేనంతా దద్దరిల్లింది. గోపన్న కూడా కొబ్బరికాయ కింద పెట్టి తాళం వేస్తాండాడు.

దేవేంద్రప్పకు ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. తువ్వాలతో మొహం కప్పుకోని పోయి రెజీనా పక్కన కూర్చున్నాడు.

"నాకన్నా చెప్పు. దేనికే ఇది?"

రెజీనా దరువు ఆపలే. ఆయన చెవి కాడికి వంగింది.

"బోరు ఎండిన దినం పొద్దు గూకినా నువ్వు ఇంటికి రాలే. ఫోను కలవలే. అటక మీద చూస్తే పురుగుల మందు డబ్బా లేదు. వెతకను పోతే ఏం చూడాల్సొస్తాదోనని గడప దాటలే. తెల్లార్లూ మోకాళ్ళ మీదనే ఉన్న్యా."

దేవేంద్రప్ప బిత్తరపోయినాడు. డబ్బా గోపన్నకిచ్చినాడు, మిరపచేనికి కావాలంటే. తాను బోరు లారీ పోయినాక ఈ గట్టు మీదనే ఒళ్ళు తెలీకుండా నిద్రపోయినాడు, ఫోనులో చార్జింగు లేదు. ఇంట్లో మనిషి ఏమనుకోనుంటుందో అన్న తలంపే ఇన్ని దినాలూ ఆయప్పకు రాలే.

"తెల్లారి వాకిట్లో నిలబడి 'ఆకలైతాంది, ఏమన్నా ఉండాదా' అన్నావు చూడు," అనింది రెజీనా, "ఆ మాటకే ఈ కూటం."